సముద్రం రాని సైకిలు

హ్యాండిల్ కిందికి వంగిన డ్రాప్ బార్ సైకిలు ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున్న బీచ్ రోడ్డు మీద సముద్రం ఉండదు. చప్పుడు ఉంటుంది, ఉప్పు వాసన ఉంటుంది, మొహాన తడిగాలి కొడుతూనే ఉంటుంది. తల తిప్పి చూస్తే మాత్రం కుడివైపంతా ఇస్త్రీ చేసిన దుప్పటిలా తెల్లగా, ఖాళీగా కనిపిస్తుంది.

తిన్నగా సైకిళ్ళ షాపుకి వెళ్ళి అడుగుతాను. షాపాయన చైనుకి నూనె వేస్తూనే జవాబు చెబుతాడు.

"ఇది రోడ్ బైక్ కదమ్మా. దీనికి స్టాండు రాదు, గంట రాదు, మడ్‌గార్డులు రావు. సముద్రమూ రాదు. అవన్నీ హైబ్రిడ్‌కే వస్తాయి."

"విడిగా బిగించరా?"

"బిగించొచ్చు. బరువెక్కిపోద్ది."

తేలిక కోసమే కదా కొన్నాను. సైకిలెక్కి వచ్చేస్తాను.

నా పాత హైబ్రిడ్‌కి హ్యాండిల్ తిన్నగా, అడ్డంగా ఉండేది. దాని మీద వీపు నిటారుగా పెట్టుకుని, పెళ్ళిలో ముందు వరస కుర్చీ దొరికినదానిలా దర్జాగా కూర్చుని తొక్కేదాన్ని. పక్కనే ఇంకో హైబ్రిడ్ మీద మంగవేణి. మాది, వాళ్ళది ఎదురెదురు ఫ్లాట్లు. చుట్టరికం ఏమీ లేదు, అయినా ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటాం. రోజూ పొద్దున్నే ఎంవీపీ కాలనీ నుంచి ఋషికొండ దాకా, పక్కపక్కనే, మాట్లాడుకుంటూ వెళ్ళి వచ్చేవాళ్ళం. మా ఇంట్లో టీవీ మాట్లాడుతుంది. ఆఫీసులో కస్టమర్లు మాట్లాడతారు. నేను మాట్లాడేది ఆ రోడ్డు మీదే, మంగవేణితోనే. ఆ కాసేపూ లేకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు.

అమ్మ పోయాక మా అక్క అమ్మ చీరల్లో ఒక్కటి కూడా నాకు ఇవ్వలేదు. అడిగితే "నువ్వు కట్టవులే" అంది. ఈ సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు. మంగవేణికి చెప్పాను, సాగర్‌నగర్ మలుపులో, ఎదురుగాలిలో. చెప్పి ఏడ్చాను కూడా.

సైకిలు మార్చమని చెవిలో జోరీగలా పోరింది ఆమే.

"మార్చీ వదినా. నీ కాళ్ళలో ఉన్న సత్తువకి ఆ బండి ఏటి సరిపోద్ది? ఇద్దరం మార్చీద్దాం. ఎంచక్కా భీమిలి పోయి వచ్చీవచ్చు."

పాతదాన్ని అమ్మొద్దని కూడా అంది. తన బాల్కనీలో పెట్టుకుంటానంది. ఎంత మంచిది అనుకున్నాను. నేను కొన్నాను. తను రేపు మాపు అంటూ ఉంది.

కొత్త హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా ముందుకెళ్ళి కిందికి వంగి ఉంటుంది. ఆ వంపు పట్టుకుంటే ఒళ్ళంతా వంగుతుంది. ఆ కొమ్ములు రోజూ కాస్త కాస్త కిందికి పెరుగుతున్నాయి. వాటితోపాటు నా చూపూ దిగుతోంది. ముందు కైలాసగిరి పోతుంది. తర్వాత కరెంటు స్తంభాలు పోతాయి. ఆ తర్వాత మనుషుల మొహాలు. ఎదురొచ్చే వాకింగ్ వాళ్ళు నడుము కింద నుంచి మాత్రమే పలకరిస్తారు, నేనూ వాళ్ళ బూట్లకి నమస్కారం పెడతాను. చివరికి నాకు మిగిలేది ముందు చక్రం, దాని ముందు జానెడు తారు.

"గోతులు ఎలా కనిపిస్తాయి వదినా?" అని అడుగుతాను.

"నేను ముందుంటాను కదా. నువ్వు నా వెనక చక్రం చూసుకో. గొయ్యి వస్తే చెయ్యి చూపిస్తాను."

ఈ రోడ్డు మీద గుంపుగా తొక్కేవాళ్ళందరి పద్ధతీ అదే. ముందున్న మనిషి ఒక చెయ్యి నడుము వెనక్కి పెట్టి, గొయ్యి ఎటుంటే అటు వేలు చూపిస్తాడు. ఆగాలంటే పిడికిలి బిగిస్తాడు. వెనకున్న మనిషి అడగడు, అనుమానించడు, తల ఎత్తి సొంతంగా చూసుకోడు. చూసుకుంటే ముందున్నవాళ్ళని అవమానించినట్టు. ఇందులో నేను మహా పద్ధతైన మనిషిని. తల ఎత్తను.

ఇప్పుడు మేము పక్కపక్కన లేము, ఒకరి వెనక ఒకరం. నేను ఏదైనా అంటే ఆ మాట నా టైరు కింద పడి వెనక్కి పోతుంది. మాట మీద నుంచి పోయినప్పుడల్లా సైకిలు చిన్నగా ఎగురుతుంది. పోనీలే, మంగవేణి ముందుంది కదా అనుకుంటాను. చెయ్యి కనిపిస్తూనే ఉంది. వేళ్ళు కోసిన నీలం గ్లవ్వు, మణికట్టు దగ్గర ఆమె ఎప్పుడూ తియ్యని ఒంటి గాజు.

చెయ్యి ఎడమకి చూపిస్తుంది, ఎడమకి తిరుగుతాను. కుడికి చూపిస్తుంది, కుడికి తిరుగుతాను. జోడుగుళ్ళపాలెం దాటాక చెయ్యి ఒక ఇంటి గుమ్మంలోకి చూపిస్తుంది. వంటింట్లోంచి వెళతాం. పొయ్యి దగ్గర రెండు పాదాలు వెనక్కి జరిగి దారి ఇస్తాయి.

"కాస్త అటు నుంచి పోండమ్మా, నూనె కాగతంది," అంటుంది పాదాల పైనుంచి ఒక గొంతు.

పెరటి గుమ్మంలోంచి మళ్ళీ రోడ్డెక్కుతాం. నాకు దాహం వేస్తుంది. "వదినా, కాసేపు ఆగుదాం," అంటాను. చెయ్యి పిడికిలి బిగిస్తుంది. ఆగుతాను. ఆగాక తల ఎత్తడం తప్పు కాదు కాబట్టి, మెడ పట్టేసినా సరే, బలవంతంగా ఎత్తుతాను.

నా ముందు ఒక వెనక చక్రం ఉంది. దాని పైన నడుము ఉండాల్సిన ఎత్తులో గాలిలో ఒక చెయ్యి ఉంది. మణికట్టు పైన ఏమీ లేదు. చెయ్యి తన పని తను చేసుకుపోతోంది. నా చక్రం పక్కన పడి ఉన్న గాజుపెంకుని వేలితో చూపిస్తుంది, నేను తొక్కకుండా.

"మంగవేణి ఏదీ?" అని అడుగుతాను.

చెయ్యి కొంచెం మొహమాటపడి, రోడ్డుకి అవతలివైపు చూపిస్తుంది.

అవతల ఊరివైపు రెండు హైబ్రిడ్‌లు పక్కపక్కన నింపాదిగా వెళ్తున్నాయి. ఒకదాని మీద మంగవేణి ఉంది. రెండోది నాది, ఆమె బాల్కనీలో ఉండాల్సినది. దాని మీద నేను కూర్చుని ఉన్నాను. వీపు నిటారుగా, చున్నీ ఎగురుతూ, ఖాళీ దుప్పటి వైపు చెయ్యి చాపి "అలలు చూడు వదినా ఇవాళ" అంటున్నాను.

నా వీపు అంత అందంగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. ముందు దాన్నే చూస్తాను. తర్వాత మాటలు వినిపిస్తాయి. ఆ బండి మీదావిడ అక్క సంగతి చెబుతోంది. నా అక్క సంగతి, నా ఏడుపు, నా సాగర్‌నగర్ మలుపు. ఈసారి ఏడవడం లేదు, నవ్వుతోంది.

"పోన్లే వదినా, అక్కే కదా. కట్టుకోనీ," అంటుంది.

నాకు ఒళ్ళు మండిపోతుంది. నన్ను ఒక్క మాట అడక్కుండా మా అక్కని క్షమించేసింది. ఆ కోపం ఎన్నాళ్ళ నుంచో దాచుకున్నది, అది నాది.

రోడ్డు దాటి వాళ్ళకి అడ్డంగా సైకిలు పెడతాను.

"ఇదేటి వదినా?" అని మంగవేణిని అడుగుతాను.

మంగవేణి కాలు కింద ఆనించి ఆగుతుంది. మొహంలో కంగారు లేదు, దొరికిపోయానన్న సిగ్గు కూడా లేదు.

"ఏటంటే ఏటి చెప్పను? స్పీడు నీకు ఇచ్చీసాను. మాటలు నాకు ఉంచుకున్నాను. ఇద్దరికీ సరిపోయింది."

"నేను స్పీడు అడగలేదు. నువ్వు మార్చమన్నావు."

"ఎవలు అడిగితే ఏటిలే. నువ్వు ముందుకి పోయావు, ఈవిడ ఉండిపోయింది. ఉన్నవాళ్ళతోనే కదా మాట్లాడతాం."

"నువ్వూ మారుస్తానన్నావు."

"మార్చాను కదా. నువ్వు బండిని మార్చావు, నేను నిన్ను మార్చాను."

"గోతులు చూపిస్తానన్నావు."

ఈ మాటకి మాత్రం ఆమె నొచ్చుకుంటుంది. "ఒక్క గోతిలో పడ్డావేటి, చెప్పు? నీ కోసమని చెయ్యి తీసి పెట్టాను. పొద్దుటి నుంచీ ఒంటి చేత్తో తొక్కుతన్నాను, చూడు."

చూస్తాను. ఆమె చొక్కా కుడి చెయ్యి చివర ఖాళీగా, పిన్నీసుతో మడిచి ఉంది. చేసింది ద్రోహం, కానీ నాకు దెబ్బ తగలకుండా తన చెయ్యి తీసి మరీ చేసింది. తిడదామంటే నోట్లో కృతజ్ఞత అడ్డం పడుతుంది, అదీ నా ఖర్మ.

నిటారుగా ఉన్నావిడ నన్ను పైనుంచి కిందికి చూస్తుంది. నేను వంగి ఉన్నాను కాబట్టి ఆ చూపుకి పెద్దగా దూరం పట్టదు.

"ఎవరు వదినా ఈవిడ?" అని అడుగుతుంది మంగవేణిని.

"మా ఎదురు ఫ్లాటు. చాలా స్పీడుగా తొక్కుతారు."

ఇన్నేళ్ళూ 'నువ్వు' అన్న మనిషి నన్ను ఒక్క క్షణంలో 'మీరు' చేసేసింది. ఆ బాధ చూపించడం ఇష్టం లేక నేను రెండో ఆవిడ మీద పడతాను.

"అక్కని క్షమించడానికి నువ్వెవరు?"

ఆవిడ ముచ్చటగా కళ్ళు పెద్దవి చేస్తుంది. "మా అక్క మీకు తెలుసాండీ?"

వాళ్ళు వెళ్ళిపోతారు. ఆవిడ మా ఇంటికే వెళుతుంది. మా ఆయన తలుపు తీస్తాడు, టీవీ వైపు చూస్తూనే కాఫీ అడుగుతాడు, తేడా కనిపెట్టడు. రోడ్డు మీంచి వాళ్ళిద్దరి నవ్వు చాలాసేపు వినిపిస్తుంది. గాలిలో చెయ్యి కాసేపు అటూ ఇటూ తటపటాయిస్తుంది. తర్వాత నా హెల్మెట్ మీద రెండుసార్లు తట్టి, చక్రం దొర్లించుకుంటూ వాళ్ళ వెనకే పోతుంది. ఆఖరికి అది కూడా.

సైకిలు మళ్ళీ రోడ్డు దాటించి, ఇసుక మీదికి పోనిచ్చి, దిగి కూర్చుని తీరిగ్గా ఏడుద్దామనుకుంటాను. నడుము లేవదు. హ్యాండిల్ కొమ్ములు కిందికి పెరిగి పెరిగి ఇసుకలో దిగిపోయాయి. చక్రాలు కూడా సగం దాకా కూరుకుపోయాయి. నా వీపు బల్లపరుపుగా, చల్లగా అయిపోతుంది. ఎవరో మునిసిపాలిటీ మనిషి వచ్చి దానికి బీచ్ బెంచీలకి వేసే ఆకుపచ్చ రంగు వేసి, ఆరేదాకా తాడు కట్టి, తాడు విప్పుకుని వెళ్ళిపోతాడు.

ఎండ ఎక్కుతుంది. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నా వీపు మీద కూర్చుంటారు. నాకు కనిపించేవి పాదాలే. ఒకామెకి పసుపు రాసిన పాదాలు, అరిగిన హవాయి చెప్పులు. రెండో ఆమెకి మెరిసే కొత్త శాండిల్స్. పసుపు పాదాలామె పల్లీలు వలుస్తుంది, తొక్కలు నా మెడ మీద రాలతాయి.

"నీకు తప్ప ఇంకెవలికీ చెప్పనేదు," అని మొదలుపెడుతుంది.

చెబుతుంది. మొగుడు అన్నం కంచం ముందు కూర్చుని తన పేరు మర్చిపోయినట్టు చూస్తాడట. చిన్నప్పటి నుంచీ తనకి చీకటి భయమట, ఇంట్లో ఎవరికీ తెలీదట. చెబుతున్నకొద్దీ ఆమె పాదాలు తేలికగా ఊగుతాయి. మధ్యలో కొత్త శాండిల్స్ నెమ్మదిగా పక్కకి తిరుగుతాయి. వేళ్ళ మీద లేస్తాయి. ఇసుకలో చప్పుడు చెయ్యకుండా నడిచి వెళ్ళిపోతాయి.

నా వీపు మీద బరువు సగమవుతుంది. ఆమెకి తెలియలేదు. ఎదురుగా చూస్తూ చెబుతూనే ఉంది. చెప్పీ చెప్పీ ఒకచోట ఆగుతుంది. ఊగే పాదాలు ఆగిపోతాయి.

"వింటన్నావేటి?" అని అడుగుతుంది, తల తిప్పకుండా.

"ఊఁ," అంటాను నేను.

ఆమె మళ్ళీ మొదలుపెడుతుంది.