తలల మీది బంతి

కార్నర్ కిక్ పడినప్పుడు గోల్‌కీపర్ నోరు మూసుకున్నాడంటే ఆ జట్టు కొంప మునిగినట్టే. నాకు ముప్ఫై అయిదేళ్లు. పదహారేళ్లుగా మా ఊరు లంబాసా మైదానాల్లో డిఫెండర్‌గా తలతో బంతులు కొడుతున్నాను. ఈ ముక్క చెప్పడానికి ఎవడి అనుమతీ అక్కర్లేదు నాకు. బంతి గాల్లో ఉండగానే కీపర్ "నాది!" అని అరవాలి. అది వినగానే మేం ఆగి దారివ్వాలి, మాలో ఇద్దరం వెనక్కి పోయి గోల్ గీత కాయాలి. అరుపు లేదా, బంతి మాది. ఎత్తుగా, దూరంగా, పక్కకి తరిమేస్తాం. ఇందులో అర్థం కానిదేముంది?

మా కీపర్ ఇలియెసాకి అర్థమయ్యేది కాదు. చిన్న దీవి నుంచి వచ్చినవాడు, ఇరవై రెండేళ్లు, తలుపు దాటాలంటే వంగాల్సినంత పొడుగు. బంతి చేతికందితే ఇక వదలడు. కానీ నోరు లేదు. వాళ్ల ఊళ్లో పెద్దల ముందు గొంతెత్తరు. పెద్దవాళ్ల తల మీదుగా చెయ్యి చాపాల్సి వస్తే "తులౌ" అని, అంటే మన్నించమని, అడిగి చాపుతారు. వీడిది కార్నర్లలోనూ అదే పని. నా నెత్తి మీదుగా ఎగురుతూ, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా "తులౌ" అనేవాడు. ఒక్కోసారి ఎదుటి జట్టువాడి నెత్తికి కూడా చెప్పేవాడు, ఖర్మ!

ఆ ఏడాది కార్నర్ల మీద తొమ్మిది గోల్స్ తిన్నాం. వాడి గొంతు కోసం ఎదురుచూడటం నేనెప్పుడో మానేశాను. గాల్లో బంతి కనపడితే చాలు, నాదే అనుకుని లేచేవాణ్ణి.

ఫైనల్‌కి వారం ముందు మా కోచ్ హనీఫ్ మాస్టర్ అందర్నీ నిలబెట్టాడు.

"ఫైనల్ అవగానే రాజధాని సువాలో టోర్నమెంటుకి ఓడెక్కుతున్నాం. కార్నర్ మీద పదో గోల్ పడిందో, ఎవడి తప్పయితే వాడి జెర్సీ అక్కడికక్కడే ఊడబీకుతా. వాడు ఓడెక్కడు."

నేను సువాలో ఒక్కసారి కూడా ఆడలేదు. ఈసారి తప్పితే ఇక ఇంట్లో కూర్చోవడమే. ఇలియెసా అయితే నా పక్కకొచ్చి, "మా ఊరంతా రేడియో దగ్గర కూర్చుంటారంట బావా" అన్నాడు మురిసిపోతూ. వాళ్లలో బావ వరస కలిపితే ఎన్ని మాటలన్నా పడాల్సిందే. ఆ హక్కును నేను కడుపారా వాడుకున్నాను.

వారమంతా అదే సాధన. మాస్టర్ పక్క గీత దగ్గర్నుంచి బంతి లేపుతాడు, వాడు పట్టడానికి లేస్తాడు, మేం ముగ్గురం కావాలని మీద పడతాం.

"మోకాలు పైకెత్తి లేవరా! నీ డొక్కలు నువ్వు కాచుకోవాలి" అని మాస్టర్ కేకలు. "పట్టలేకపోతే రెండు పిడికిళ్లూ కలిపి గుద్దు. దోమల్ని తోలతావేంట్రా?"

"అరవరా తులౌ మహరాజ్!" అని డొక్కలో మోచేత్తో పొడిచాను. "నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా?"

ఆ పేరు నేను పెట్టిందే. అందరూ పగలబడి నవ్వారు. వాడూ నవ్వాడు, డొక్క పట్టుకుని.

గురువారం సాధనయ్యాక అందరం తాగే యంగోనా వేరు రసం చిప్ప నా చేతికిస్తూ, "రోజూ పొద్దున్నే చెరుకు తోటలోకెళ్లి అరుస్తున్నా బావా. వస్తోంది" అన్నాడు.

"చెరుకు గడలు దారిచ్చాయా?" అన్నాను. మళ్లీ నవ్వులు.

ఫైనల్‌లో చివరిదాకా గోల్ లేదు. రెండు నిమిషాలుందనగా వాళ్లకి కార్నర్. జనం గోల, డప్పులు. బంతి వంపు తిరుగుతూ గోల్ ముందుకొచ్చింది.

"నాది!"

నా చెవి పక్కనే. అబ్బ, ఏం అరుపది! కడుపు లోతుల్లోంచి వచ్చింది. డప్పుల్లో జనానికి వినపడలేదేమో గానీ నాకు స్పష్టంగా వినపడింది. ఆగడానికి వ్యవధి కూడా ఉంది. 'వీడి మొహం, వీడేం పడతాడు' అనుకుని లేచాను.

బంతి అప్పటికే వాడి రెండు చేతుల్లో ఉంది. నా తల వెళ్లి వాడి ముంజేతికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. జారిపడ్డ బంతిని ఎదుటివాడెవడో కాలితో లోపలికి నెట్టాడు. ఓడిపోయాం.

బట్టలు మార్చుకునే గదిలో ఇలియెసా చెయ్యి చామదుంపలా వాచిపోయింది. మాస్టర్ వాణ్ణి అడగలేదు. నన్నడిగాడు.

"అరిచాడా?"

అవునంటే ఓడ నాకు లేదు. నా పక్కన ఆడిన ఇద్దరూ ఆ అరుపు వినే ఉంటారు, తలలు దించుకుని బూట్ల తాళ్లు విప్పుకుంటున్నారు. వాళ్ల జెర్సీలు వాళ్లకి ముఖ్యం.

"వీడెప్పుడరిచాడు మాస్టర్? తులౌ అన్నాడేమో, నాకైతే వినపళ్లేదు."

ఓడిపోయి ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. సిగ్గేసిందా అంటే, వేసింది. మాట వెనక్కి తీసుకున్నానా అంటే, లేదు.

"చెప్పరా, అరిచావా లేదా?" మాస్టర్ ఈసారి వాడి వైపు తిరిగాడు.

ఇలియెసా నా వైపు చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"బావ పెద్దవాడు మాస్టర్. వినపళ్లేదన్నాడంటే వినపళ్లేదనే."

"అయితే విప్పు."

వాచిన చేతి మీదుగా జెర్సీ రాలేదు. మాస్టర్ కత్తెర తీసి భుజం దాకా కోసేశాడు. వాడు పళ్లు బిగించాడు. చొక్కా లేకుండానే లేచి నా దగ్గరికొచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

వాడి సంచి నా తల పైన మేకుకి వేలాడుతోంది. ఎడమ చెయ్యి చాపాడు.

"తులౌ, బావా."

ఆ గొంతు అరిచి అరిచి పూర్తిగా బొంగురుపోయి ఉంది. గదిలో అందరూ విన్నారు. మాస్టర్ కత్తెర పట్టుకుని ఒకసారి వాడి వైపు, ఒకసారి నా వైపు చూశాడు. కత్తెర జేబులో పెట్టుకున్నాడు, నా జెర్సీ జోలికి రాలేదు. సువాకి ఆడేవాళ్లు కావాలి మరి.

సంచి తగలకుండా నేను తల వంచాను.