తమ్ముడు ఎంచిన గురిగీతలు

ఆద్యా, ఇటు జరిగి కూర్చో తల్లీ. ఇంకొంచెం దగ్గరికి. ఆ ఫోను బోర్లా పెట్టు. ఇందాక అన్నంలో కలుపుకొని వేళ్లు చప్పరించావే, ఆ జింక పచ్చడి ఇదివరకు ఈ ఇంట్లోంచి రెండిళ్లకు వెళ్లేది. ఇప్పుడు ఒక్క ఇంటికే వెళుతోంది. దివాకర్ మామయ్య రావడం ఎందుకు మానేశాడని మీ ఉజ్వల అత్తను అడిగితే చెప్పదు, గిన్నెలు సర్దుకుంటూ కూర్చుంటుంది. కాబట్టి ఇక్కడ విను.

ఉజ్వల నేపర్‌విల్‌లో నర్సు. ఆసుపత్రిలో తనతో పనిచేసే డెబ్రా ఒకసారి ఆమెను విస్కాన్సిన్‌లో ఉన్న తన తండ్రి వాల్టర్ పొలానికి తీసుకెళ్లింది. మొక్కజొన్న చేను, చేను అంచున అడవి, ఆ అంచున చెట్టుకు ఆనించి కట్టిన మంచె. నవంబరులో జింకల వేట తెరిచారంటే వాల్టర్ ఆ మంచె మీదే ఉండేవాడు. మోకాళ్లు మొరాయించాక ఇక ఎక్కలేకపోయాడు. కోడిని కోస్తుంటే మొహం తిప్పుకునే ఉజ్వలకు ఏం పట్టిందో ఏమో, ఆయన దగ్గర తుపాకీ పట్టడం నేర్చుకుంది. ఆయన తన పాత తుపాకీనీ, మంచెనూ ఆమెకే అప్పగించాడు. ఆమె మాంసంలో సగం ఆయనకిచ్చి, మిగిలినదాంతో పచ్చడి పెట్టి మళ్లీ ఒక సీసా ఆయనకే పట్టుకెళ్లేది. ముసలాయన దాన్ని బ్రెడ్డు మీద పూసుకుని, కళ్లవెంట నీళ్లు కారుతున్నా వదిలేవాడు కాదు.

ఆయనది ఒక్కటే కట్టుబాటు. గురి తప్పితే తప్పు లేదు. కానీ దెబ్బ తగిలిన జింకను వెతికి పట్టుకోకుండా వదిలేసినవాళ్లు మళ్లీ ఆయన గేటు దాటకూడదు. ఆ మాట మీద సొంత తమ్ముణ్ణే దూరం పెట్టిన మనిషి. ఏడాది పొడవునా పరాయివాళ్ల నొప్పులు మోసే ఉజ్వలకు, ఎవరూ ‘నర్స్’ అని పిలవని చోటు ఈ దేశంలో ఆ మంచె ఒక్కటే. అది పోతే మళ్లీ దొరకదని ఆమెకు తెలుసు.

దివాకర్ ఆమెకు తోడబుట్టినవాడు కాదమ్మా. పిస్కాటవేలో ఎమ్మెస్ చదువుకునే రోజుల్లో ఉజ్వల, ఆమె భర్త లోకేష్‌ల ఇంటి హాల్లో చాప వేసుకుని పడుకున్నవాడు. జ్వరమొస్తే ఆమె చారన్నం కలిపి పెట్టింది. పెళ్లయితే ఆడపడుచు లాంఛనం ఆమే అందుకుంది. వాళ్ల వెనకే నేపర్‌విల్ వచ్చాడు. గ్రీన్ కార్డు వచ్చాక తనూ తుపాకీ కొన్నాడు. ఉజ్వలే వాల్టర్‌ను ఒప్పించి అతణ్ణి అతిథిగా తీసుకెళ్లింది. అతిథి కూర్చునేది వాగు అవతల. అక్కడ జింకలకన్నా ఉడుతలే ఎక్కువ కనపడతాయి.

ఆ ఏడు ఉజ్వల తుపాకీ మీదున్న పాత స్కోప్‌లో ఆవిరి పట్టింది. స్కోప్ అంటే తుపాకీకి బిగించే దుర్భిణి అనుకో. కన్ను ఆనిస్తే లోపల గురి గీతలుంటాయి, వాటిని రెటికిల్ అంటారు. కొత్తది కొందామని అక్కాతమ్ముళ్లిద్దరూ షామ్‌బర్గ్‌లో ఒక దుకాణానికి వెళ్లారు. అక్కడి కుర్రాడు నాలుగు స్కోపులు వరసగా పెట్టాడు. ఉజ్వల ఒక్కొక్కదాంట్లోంచి కిటికీ అవతల పార్కింగ్ బోర్డు వంక చూసింది.

“ఇదేంట్రా, పెళ్లిపందిట్లో ముగ్గేసినట్టుంది! ఇన్ని చుక్కల్లో జింకనెక్కడ వెతుక్కోను?”

“అది లాంగ్ రేంజ్ వాళ్లకక్కా. పక్కన పెట్టెయ్.”

“ఇది బాగుందే. నడిమధ్య ఎర్రగా కుంకుమ బొట్టు. మసక వెలుతుర్లో కూడా కనపడుతుంది.”

“చలికి బ్యాటరీ పోయిందనుకో, బొట్టూ పోతుంది.”

“శుభం పలకరా!” అని నవ్వి మూడోది ఎత్తింది. అందులో ఉత్త కూడిక గుర్తు. అంచుల దగ్గర గీతలు లావుగా, నడిమికొచ్చేసరికి సన్నగా. వాల్టర్ పాతదానిలో ఉన్నదీ అదే. “నాకిది చాలురా. మధ్యలో జింకను పెట్టుకుని నొక్కడమే.”

“అక్కా, నువ్వింకా బటన్ ఫోన్ దగ్గరే ఆగిపోయావు. దూరం పెరిగితే గుండు కిందికి జారుతుంది కదా, ఎంత పైకి పట్టాలో గెస్ చేస్తావా? ఇదిగో, ఇది చూడు.” నాలుగోది చేతికిచ్చాడు. అందులోనూ కూడిక గుర్తే, కానీ దాని కింద నిచ్చెన మెట్లలా చిన్న చిన్న అడ్డగీతలు. “నడిమిది వంద గజాలకి. దాని కింది గీత రెండొందలకి, ఆ కిందది మూడొందలకి. లెక్క అంతా అదే చూసుకుంటుంది. నేను వాడేదీ ఇదే.”

మనవాళ్ల సంగతి నీకు తెలుసుగా. కుక్కరైనా కారైనా, ఒకే పనికి రెండుంటే ఎక్కువ హంగులున్నదే మంచిదనుకుంటాం. ఉజ్వల మనసూ అటు వాలింది. అయినా బొమ్మను పెద్దదీ చిన్నదీ చేసే దాని రింగు తిప్పి చూసి అడిగింది. “బోర్డు పెద్దదవుతోంది గానీ గీతలు అలాగే ఉన్నాయేంట్రా?”

“అదే దీని గొప్ప. రింగు ఎక్కడున్నా గీతలు మారవు. నువ్వేం పట్టించుకోకు.”

దుకాణం కుర్రాడు “ఆ గీతల గురించి ఒక్క మాట చెప్పాలి” అని ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టాడు. దివాకర్ చెయ్యి అడ్డం పెట్టి, “నేను చెప్పుకుంటాలే, షీ ఈజ్ మై సిస్టర్” అన్నాడు. ఆ ఒక్క మాటకు ఉజ్వల ఎంత పొంగిపోయిందనుకున్నావ్! ఇంటికెళ్లి లోకేష్‌కు కూడా చెప్పుకుంది.

తర్వాత షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లి అతనే గురి సరిచేసి పెట్టాడు. అక్కడున్నది వంద గజాలే. నడి కూడికతో కొట్టిన ప్రతి గుండూ కాగితం మధ్యలో పడింది. కింది గీతను పరీక్షించే చోటే లేదు. తమ్ముడు చెప్పాక పరీక్ష ఎందుకనుకుంది.

వేట తెరిచిన రోజు తెల్లారేసరికి ఉజ్వల మంచె మీద ఉంది. మసక వెలుతురు. అంతా వెడల్పుగా, వెలుగ్గా కనపడాలని రింగును బాగా తగ్గించి పెట్టుకుంది, వాల్టర్ నేర్పినట్టే. కాసేపటికి చేను అవతలి అంచున మగజింక ఒకటి బయటికొచ్చింది. రెండొందల గజాలుంటుంది. ఊపిరి బిగబట్టి, తమ్ముడు చెప్పిన కింది గీతను జింక గుండె మీద పెట్టి నొక్కింది. జింక వీపు విల్లులా వంగింది. ఒక్క గెంతు గెంతి వాగు వైపు పారిపోయింది. అది నిలబడ్డ చోట కొన్ని వెంట్రుకలు, నాలుగు నెత్తుటి చుక్కలు ఉన్నాయి. అంతే.

ఉజ్వల తుపాకీ భుజాన వేసుకుంది. వాల్టర్ దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన ఆమె చేతిలోని తుపాకీ తీసుకుని తూటాలు తీసేసి, స్కోప్ చూసి తల అడ్డంగా ఊపాడు.

“రింగు ఎక్కడుందప్పుడు?”

“కింద. అన్నిటికన్నా తక్కువలో.”

“ఈ రకం గీతలు రింగు పూర్తిగా పైకి తిప్పినప్పుడే నిజం చెబుతాయి. కిందికి తిప్పావా, జింక చిన్నదవుతుంది, గీతల మధ్య దూరం మాత్రం అలాగే ఉంటుంది. గుండు పై నుంచి పోతుంది. నీకెవరూ చెప్పలేదా?”

పాపం, వాడికి మాత్రం ఏం తెలుసు, వాడిదీ ఇదే కదా అనుకుంది ఉజ్వల. చూశావా! ఆ గడియలో కూడా తమ్ముడి మీదే జాలి.

“వెళ్లి వెతుకు. వెతకడానికి ఒక్క తుపాకీయే వెళ్లాలి, ఇద్దరి చేతుల్లో రెండు వద్దు,” అన్నాడు వాల్టర్. అప్పటికి వాగు అవతల నుంచి వచ్చిన దివాకర్ తన తుపాకీ భుజాన వేసుకుని బయలుదేరాడు. ఆమెది వాల్టర్ దగ్గరే ఉండిపోయింది. ఆమె ముందు నెత్తుటి చుక్క వెతుక్కుంటూ వంగి నడిచింది. ఆకు ఆకూ తిరగేసింది. ఎండ నడినెత్తికొచ్చింది.

“వదిలేద్దాం అక్కా. ఇక దొరకదు. వాల్టర్‌తో నేను మాట్లాడతాలే,” అన్నాడు దివాకర్.

“దొరక్కపోతే నా మంచె పోతుందిరా. అది అట్లా నొప్పితో ఎక్కడో పడి ఉంటే నేను ఇంటికెళ్లి అన్నమెలా తింటాను?”

వాగు దగ్గర ముళ్లకంచె అడ్డం వచ్చింది. కంచె దాటేటప్పుడు తూటాలు తీసేసి తుపాకీని పక్కవాళ్లకు అందించాలి, అది వేటలో మొదటి పాఠం. ఉజ్వల ముందు దూరి అవతలికెళ్లింది. దివాకర్ ఖాళీ తుపాకీ అందించి కంచె మీద కాలు వేశాడో లేదో, కోటు ముళ్లకు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఎదురుగా రెల్లు కదిలింది. జింక లేవబోయి లేవలేక ముందుకాళ్ల మీద తూలుతోంది.

“తూటా ఇవ్వరా! తొందరగా!”

“ఆగక్కా, నేనొస్తున్నా. నాకివ్వు, నేను కొడతా.”

“అది ప్రాణాలతో కొట్టుమిట్టాడుతుంటే ఆగమంటావేంట్రా? ఇవ్వు!”

ఇవ్వక తప్పలేదు. ఆమె తూటా పెట్టి, కన్ను ఆనించింది.

లోపల ఉత్త కూడిక గుర్తు. అంచుల దగ్గర లావు, నడిమిన సన్నం. కింద ఒక్క మెట్టు లేదు, ఒక్క గీత లేదు.

నడి కూడికను జింక గుండె మీద పెట్టి నొక్కింది. జింక ఒరిగిపోయింది. దగ్గరికెళ్లి దాని మెడ మీద చెయ్యి వేసి, కదలిక ఆగేదాకా అక్కడే కూర్చుంది. తర్వాత తల ఎత్తింది.

“నీ గీతలేవిరా?”

దివాకర్ కోటు విడిపించుకుంటూ, “అది... మొన్ననే మార్చానక్కా,” అన్నాడు.

“ఆ దుకాణం అబ్బాయి నాకు రింగు సంగతే చెప్పబోయాడు కదూ?”

అతను ముళ్లకు చిక్కిన దారం పీక్కుంటున్నాడు.

“నోరు విప్పు.”

“వాగు అవతల ఎన్నేళ్లని కూర్చోనక్కా?” తలెత్తకుండా అన్నాడు. “నీ గురి చెడిందని వాల్టర్‌కు అనిపిస్తే ఆ మంచె నాకిస్తాడేమో అనుకున్నా. జింకకు ఇట్లా అవుతుందనుకోలేదు.”

“అడిగితే ఇచ్చేదాన్ని కదరా,” అంది ఉజ్వల. “చాప అడిగావు, పరిచాను. అన్నం అడిగావు, పెట్టాను. ఈ ఒక్కటి అడగడానికి నోరు రాలేదా?”

జింకను ఇద్దరూ కలిసే లాక్కొచ్చారు. వాల్టర్ దాన్ని చూసి టోపీ తీశాడు. “దొరికింది కదా. మంచె నీదే,” అని, “ఆ స్కోప్ ఎవరు ఎంచారు?” అని అడిగాడు. దివాకర్ బూట్ల వంక చూస్తున్నాడు.

“నేనే,” అంది ఉజ్వల. “వచ్చే ఏడు అతిథి ఉండరు. నేనొక్కదాన్నే వస్తాను.”

ముసలాయన ఇద్దరి మొహాలూ చూశాడు. టోపీ మళ్లీ పెట్టుకున్నాడు.

మాంసం కోసినప్పుడు వెతకడానికి తోడొచ్చినవాళ్ల వాటా ఉంటుంది. ఉజ్వల తొడ ముక్క మంచిది చూసి అతని కూలర్ బాక్సులో పెట్టింది. ఇద్దరూ వచ్చింది ఆమె కార్లోనే. దారిలో ఎప్పుడూ ఆగే చోట ఆగి, ఎప్పటిలా అతనికి కాఫీ తెచ్చి ఇచ్చింది. అతను నాలుగుసార్లు “అక్కా” అన్నాడు. ఆమె రోడ్డు చూస్తూ డ్రైవ్ చేసింది. అతని ఇంటి ముందు కారు ఆపి, అప్పుడు నోరు విప్పింది.

“దివాకర్ గారూ, మీ ఇల్లొచ్చింది. మీ బాక్సు మర్చిపోకండి.”

ఒరేయ్ అని తప్ప పిలవని నోరది తల్లీ. అతను కారు దిగి, తలుపు మూయడానికి కూడా చెయ్యి రాక అట్లాగే నిలబడ్డాడట.

ఇప్పుడు ఆమె తుపాకీ మీద ఉత్త కూడిక గుర్తే ఉంది. పచ్చడి సీసా వాల్టర్ ఒక్కడికే వెళుతోంది.

ఇది నీ దగ్గర దాచుకో ఆద్యా. రేపు నీ చేత్తో ఈ పచ్చడి ఎవరికైనా వడ్డిస్తే, ఈ కథ కూడా వడ్డించు. కానీ దివాకర్‌ను రాక్షసుణ్ణి చేసి చెప్పకు. హాల్లో చాప మీద పడుకున్నాడనీ, జ్వరంలో ఆమె చేతి చారన్నం తిన్నాడనీ ముందు చెప్పు. అది వదిలేశావంటే, ఆ స్కోప్‌లో ఆమె ఏం చూసిందో విన్నవాళ్లకు అర్థం కాదు.