ఆరో ఇల్లు
ఇంత ఇనుము గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంటే బరువు తెలియాలి కదా, తెలియడం లేదు, ఎల్లారెడ్డి స్టేషన్ బల్ల మీద తమ్ముడు షాహిద్ నా పక్కనే కుడికాలు చాపి కూర్చున్నాడు, ఆ కాలు ముడవదు, ఇరవై రెండేళ్ళుగా ముడవదు, అబ్బా పోయి నలభై రోజులు, లైసెన్సు ఆయనతోనే పోయింది, రివాల్వర్ అప్పజెప్పాలి, ఇది చేయి దాటకముందే వాడికి చెప్పాలి, ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎన్నడూ చెప్పను, హెడ్ కానిస్టేబుల్ బాలనర్సయ్య గుడ్డ విప్పి నవ్వుతున్నాడు, ఏంది ఫరీదన్నా, మా తాత కన్నా ముసలిదున్నది, ఇది పేలుతదా దగ్గుతదా, పేలుతది సార్ అన్నాను, మొండిది, లోపల నాలుగు ముక్కలే, చెడడానికి ఏమీ లేదు, ఉత్త ట్రిగ్గర్ నొక్కితే కదలదు, ప్రతిసారీ బొటనవేలితో ఘోడాను, గుర్రమని పిలిచే ఆ సుత్తిని, వెనక్కి లాగాలి, లాగాక మాత్రం వేలు ఆనితే చాలు, గురి చెదరదు, నాగిరెడ్డిపేట చేనులో అబ్బా మొదటి దెబ్బకే అడవిపందిని కొట్టేవాడు, తప్పితే రెండోది ఆలస్యం, మళ్ళీ లాగేలోపు పంది గట్టు దాటేది, తూటాల గదుల్ని ఆయన ఇండ్లు అనేవాడు, ఆరిండ్లు, ఐదిండ్లలోనే కాపురం, ఘోడా కింది ఇల్లు ఎప్పుడూ ఖాళీ, ఎందుకబ్బా అంటే, ఘోడా నిద్రల గూడ తంతది బేటా.

ఇరవై రెండేళ్ళ కింద ఒక వారం అబ్బా ఐదూ కాల్చినా పంది పోయింది, చాయ్ హోటల్లో లింగం, ఏం సాబ్, పందికి ఐదు సలాములు కొట్టి సాగనంపినవట, అందరూ నవ్వారు, అబ్బా కూడా నవ్వాడు, ఆ నవ్వే నాకు గుచ్చుకుంది, నాకు పంతొమ్మిదేళ్ళు, మధ్యాహ్నం తుడుస్తూ తుడుస్తూ ఆరోది పెట్టేశాను, ఒకటి ఎక్కువుంటే ఏమైతది, రివాల్వర్ బెల్టు మేకుకు తగిలించాను, దాని కిందే షాహిద్ అన్నం తింటున్నాడు, మేకు ఊడింది, ఘోడా బండకు తగిలింది, పేలింది, తూటా వాడి కుడి మోకాలిలో, పళ్ళెం గిర్రున తిరుగుతున్న చప్పుడు, ఇప్పుడీ స్టేషన్ ఫ్యానులోనూ అదే, కామారెడ్డి ఆసుపత్రిలో అబ్బా అందరికీ ఒకటే మాట, నేనే నింపిన, యాది మరిచిన, నావైపు చూడలేదు, చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుని ఆయన బొటనవేలికి, ఘోడా లాగి లాగి కాయకాసిన వేలికి, రోజూ నూనె రాసింది షాహిద్, తన కాలు పాడుచేసిందనుకున్న చేతికి నూనె రాస్తున్నాడే అని, చూడలేక నేను లేచి బయటికి పోయేవాణ్ణి.

బాలనర్సయ్య కాగితం మీద పెన్ను ఆపి, ఎన్ని పడతయన్నా ఇండ్ల, ఇదే సమయం, ఆరు, ఆరోది నేను, అనబోయేలోపే షాహిద్ ముందుకు వంగాడు, ఆరు పడతయి సార్, ఐదే నింపాలె, మా భాయ్‌కు ఎరుకే, అంటూ చెయ్యి వేశాడు, నా మోకాలి మీద.

ఆ రోజు అన్నం తింటూ వాడు ఆరోది పెడుతున్న నా వేళ్ళనే చూస్తున్నాడు, అవును, నోట్లో ముద్దతో చూస్తూనే ఉన్నాడు, అబ్బాను క్షమించాడనుకున్నాను, అబ్బా దగ్గర క్షమించడానికి ఏముంది, ఇన్నేళ్ళూ వాడు క్షమిస్తున్నది నన్ను.