నిబంధనలకు లోబడిన అబద్ధం

ఫర్హానాకు నిబంధనలు కంఠతా వచ్చు. ఫోన్లో ప్రకటన వేసేటప్పుడు ఏ మాట వాడొచ్చో, ఏ మాట వాడితే ఖాతా మూతపడుతుందో కల్లూరు మొత్తంలో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. జబ్బు నయమవుతుందని రాయకూడదు. ‘మీకు షుగరుందా?’ అని చూసేవాళ్లను అడగకూడదు. మందుకు ముందు, మందు తర్వాత అంటూ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టకూడదు. ఎవరెవరి సరుకులకో ప్రకటనలు వేసి, అమ్ముడుపోయిన దాని మీద కమీషన్ తీసుకోవడం ఆమె పని. మూడేళ్లుగా చీరలకూ మిక్సీలకూ వేసుకుంటూ, ఎవరి జోలికీ పోకుండా బతికింది.

కడప నుంచి ఉమామహేశ్ అనే ఏజెంటు షుగరు జబ్బు తగ్గిస్తుందనే పొడి ఒకటి అంటగట్టాడు. కమీషన్ చీరల కన్నా నాలుగింతలు. మాటలు ఎంత మార్చి రాసినా, మూడుసార్లు ప్రకటన వేస్తే మూడుసార్లూ తిరస్కరించారు. ఇంకో తప్పు జరిగితే ఖాతా పోతుందని హెచ్చరిక కూడా వచ్చింది. అక్కడితో ఆగాల్సింది. ఫర్హానాకు తెలివి లేక కాదు, ఎక్కువై వచ్చింది చిక్కంతా.

“రాసింది పట్టుకుంటాండారు మేడం. మనిషి తన కత తాను చెప్పుకుంటే ఎవరేమంటారు?” అన్నాడు ఉమామహేశ్.

అలాంటి మనిషి ఇంట్లోనే ఉంది. ఫర్హానా తల్లి నన్నీ బీ ముప్పై ఏళ్లుగా గాజుల మలారం భుజానేసుకుని ఆలూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది. మోకాళ్లు మొరాయిస్తున్నా ఇప్పటికీ పండగల ముందు బస్సెక్కి పోయొస్తుంది. గాజులు తొడిగించుకుంటూ ఆడవాళ్లు మొగుళ్లతో చెప్పని సంగతులు కూడా ఆమెతో చెప్పుకునేవాళ్లు. ఆమెకూ షుగరుంది. పొద్దునా సాయంత్రం మాత్ర మింగుతుంది.

కూతురు రాసిచ్చింది, తల్లి అప్పజెప్పింది. “నాకు పదేండ్ల నుంచి షుగరు ఉండాది. ఈ పొడి తాగినప్పట్నుంచి మాత్రల జోలికే పోల్యా. ఇప్పుడు శానా బాగుండా.”

“నేను మాత్రలు మింగుతానే ఉండా కదే?” అంది ఫోన్ దించగానే.

“నాటకం మాదిరి అనుకోమ్మా.”

అబద్ధపు సాక్ష్యం చెప్పించకూడదని కూడా ఒక నిబంధన ఉంది. దాన్ని కనిపెట్టడం ప్రకటనలు తనిఖీ చేసే యంత్రం తరం కాదని ఫర్హానాకు తెలుసు. ఈసారి ప్రకటన ఆమోదం పొందింది. వేసేటప్పుడు ఎక్కడ చూపించాలని ఫోన్ అడిగితే, తల్లి మాట్లాడేది ఆలూరు మాట కాబట్టి ఆలూరు చుట్టూ నలభై కిలోమీటర్లు ఎంచుకుంది. తల్లి ముఖాన్ని ఎరిగిన ఊళ్లకే పంపిస్తున్నానని ఆమెకు తట్టలేదు. తట్టినా, ఇంకా మంచిదే అనుకునేదేమో.

రెండు నెలల తర్వాత ఆలూరు ఓబుళేశు నన్నీ బీకి ఫోన్ చేశాడు. అతని తల్లి కృష్ణవేణమ్మ చేతికి నన్నీ బీ తప్ప ఇంకొకరు గాజులు తొడిగి ఎరుగరు.

“మాయమ్మ కర్నూలు పెద్దాసుపత్రిలో ఉండాది. నిన్ను చూడాలంటాంది,” అని పెట్టేశాడు.

తల్లీకూతుళ్లు పోయేసరికి, షుగరు పెరిగి పుండు పట్టిన కృష్ణవేణమ్మ ఎడమకాలు మోకాలి దాకా తీసేశారు. నన్నీ బీ మంచం కోడు పట్టుకుని నిలబడిపోయింది.

“డాక్టరు మాత్రలు మానద్దనే చెప్పినాడు నన్నీ,” అంది కృష్ణవేణమ్మ. “నువ్వు మానినావు కదా అని నేనూ మాన్తి. ఇన్నేండ్లలో బీటలిచ్చిన గాజు ఒక్కటన్నా నువ్వు నాకు తొడగలేదు కదా, పొడి గురించి మాత్రం ఎందుకు అబద్ధం చెప్తావు అనుకుంటి.” ఆమె గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేదని ఫర్హానాకు అనిపించింది. “నిజం చెప్పు. నువ్వు మానినావా?”

“లేదక్కా. ఈ పొద్దు గూడా మింగే వచ్చినా.”

కృష్ణవేణమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. ఓబుళేశు వాకిలి చూపించాడు.

ఇంటికొస్తూనే ఫర్హానా ప్రకటన ఆపేసింది. కానీ వీడియో అప్పటికే ఉమామహేశ్ చేతిలో ఉంది, నాలుగు కొత్త ఖాతాల పేర్లతో నడుస్తోంది. ఫోన్ చేస్తే, “బాగా పోతాంటే ఎవరన్నా ఆపుతారా మేడం?” అని నవ్వాడు. ఏ నిబంధన తప్పారో వివరంగా రాసి ప్రకటనల కంపెనీకి ఫిర్యాదు పెట్టింది. మర్నాడు జవాబొచ్చింది. పరిశీలించాం, ఈ ప్రకటన మా నిబంధనలకు విరుద్ధంగా లేదు.

“ఫోన్ తీయ్. నేను ఇంకోటి చెప్తా,” అంది నన్నీ బీ.

“షుగరు ఉండేటోళ్లకు చెప్తాండా. మీ మాత్రలు మానొద్దండి. ఆ పొడి తాగొద్దండి,” అని చేతులు జోడించింది. ఫర్హానా ఆదరాబాదరాగా అవే ఊళ్లకు ప్రకటన వేసింది. పావుగంటలో తిరస్కరించారు. కారణం, చూసేవారి ఆరోగ్యాన్ని ప్రస్తావించడం. అది ఫర్హానాకు కంఠతా వచ్చిన నిబంధనే. ఆమెకు నవ్వొచ్చింది, ఆ నవ్వు ఏడుపులోకి తిరిగింది.

“వాళ్ల గురించి మాట్లాడగూడదమ్మా. నీ గురించే చెప్పుకోవాల,” అంది కళ్లు తుడుచుకుంటూ. “నేనే రాసిచ్చినానని చెప్పు. నా పేరు చెప్పు.”

“నీ పేరు ఆడ ఎవరికి తెలుసు? వాళ్లు నమ్మింది నా మొగాన్ని.”

నన్నీ బీ కొంగు సర్దుకుని ఫోన్ వైపు తిరిగింది. ఈసారి ఎవరూ రాసివ్వలేదు.

“నేను నన్నీ బీని. ఆ పొడి నేను ఎప్పుడూ తాగల్యా. మాత్రలు ఒక్కపూట మానల్యా. దుడ్ల కోసం అబద్ధం చెప్పినా. నా మాట నమ్మిన ఒకామెకు కాలు తీసేసినారు.”

పది నిమిషాల్లో ఆమోదం వచ్చింది.

“ఆలూరులో కనపడతాదా?” అని అడిగింది నన్నీ బీ.

“కనపడతాదమ్మా. నువ్వు తిరిగిన ఊర్లన్నిట్లో.”

“అందరూ చూడనీ,” అంది తల్లి. గాజుల మలారం లోపల పెడుతూ, “ఇంగ ఆ పక్కకు నేను యాడ పోతాలే,” అంది.