తాడు పట్టినవాడి వంతు

పదహారో హద్దురాయిని నిలబెట్టి, చుట్టూ మట్టిని మడమతో తొక్కి, పెద్దులు నడుం పట్టుకుని నిలబడ్డాడు. ఇంకా మూడు రాళ్లు. పొద్దు బారెడెక్కింది. మధ్యాహ్నానికి దేవరకొండ నుంచి గిర్దావరు వస్తాడనీ, ఏ చెలక ఎవరి కబ్జాలో ఉందో చూసి కాగితం మీద రాసుకుంటాడనీ నిన్న ఊరంతా దండోరా వేసింది తనే. అంతలోపల పని అయిపోవాలి. అవకేం చేస్తుంది!

పన్నెండు రోజులుగా ఇదే వరస. సాయంత్రం దొర గడీ మనుషులు వచ్చి నాలుగైదు రాళ్లు పీకి వాగులో పారేస్తారు. పొద్దున పెద్దులు వాటిని మోసుకొచ్చి మళ్లీ నాటుతాడు. నిన్న మాత్రం ఒక్కటి మిగల్చకుండా పంతొమ్మిదీ పీకేశారు. పెద్దులు కోడి కూయకముందే వాగులో దిగాడు. అరవై దాటిన మనిషి, ఎండిన కందికట్టెలా ఉంటాడు. ఎడమ భుజం కుడి భుజం కన్నా బెత్తెడు కిందికి జారి ఉంటుంది. నలభై ఏళ్లు తాడు చుట్ట మోసిన భుజం అది. పట్వారీ వెనక తాడు పట్టుకుని నడిచే మస్కూరిని ఊళ్లో ఎవరు కళ్లెత్తి చూస్తారు గనక! పెండ్లాం పోయి పదేళ్లు. పిల్లల్లేరు. పొద్దున లేస్తే పని, పొద్దు గూకితే గుడిసె.

అలాంటివాడికి మిరుగు కార్తె ముందర ఒక్క రోజు వచ్చింది. దొర పట్నం పారిపోయాక, ఆయన అరవై ఎకరాల చెలకను ఇరవై ఇళ్లకు పంచాలని సంగం వాళ్లు అన్నారు. ఎట్లా పంచాలో మాత్రం వాళ్లకు తెలియలేదు. పెద్దులు చెప్పాడు. పట్వారీ లెక్కలు వేరు, అన్నదమ్ములు పాలు పంచుకునే లెక్కలు వేరు. వంతు అనేది పైనున్న మొరం నేల నుంచి కిందున్న నల్లమట్టి దాకా నిలువుగా పోవాలి, మంచీ చెడూ అందరికీ తగలాలి. నాగలి కట్టిన ఎడ్లు పక్కవాడి నేల తొక్కకుండా మళ్లాలి. ప్రతి హద్దురాయి కింద గుప్పెడు బొగ్గులు పోయాలి. రాయిని ఎవడైనా పీకుతాడు, బొగ్గు నూరేళ్లయినా చీకిపోదు. ఇంకొకటి, తాడు పట్టినవాడు తన వంతు అందరికన్నా ఆఖర్న ఎత్తుకోవాలి. మిగిలిందే వాడికి. ఇక వాడు దొంగ కొలత ఎందుకు కొలుస్తాడు?

తర్వాత యూనియన్ మిలిట్రీ వచ్చింది, దాని వెనకే దొర వచ్చాడు. సంగం వాళ్లు కొందరు జైల్లో, కొందరు అడవిలో. ఇరవై ఇళ్లవాళ్లు వేసిన ఆముదం మాత్రం చెలక నిండా నిలబడి ఉంది. రాళ్లు లేకపోతే అదంతా ఒకే పైరు, ఒకే దొర. రాళ్లుంటే ఇరవై వంతులు. పెద్దులు పట్టుదలంతా అందుకే.

పదిహేడో రాయి నాటుతుంటే గడీ గుమస్తా రఘుపతి గొడుగేసుకుని వచ్చాడు.

"ఒరే పెద్దులూ, నీ బుద్ధి గడ్డి తిన్నదారా? నిన్న పీకించిన రాళ్లు మళ్ల లేసినయేందిరా?"

బాంచెన్ అనే మాట నోటిదాకా వచ్చింది. పెద్దులు దాన్ని మింగేశాడు.

"లేస్తయి గుమస్తా. నువ్వు పీకుతనే ఉండు, నేను నాటుతనే ఉంట. ఎవల నడుం ముందు పడతదో సూద్దాం."

"గా జాగ నీకు ఎట్ల దొరుకుతాందిరా, ఇంచు తప్పకుంట?"

"మా అయ్యనడుగు. పైకి పోయినప్పుడు."

రఘుపతి మొహం కందగడ్డ అయింది. "మనుషులను తోలుకొస్త, ఉండు నీ పని చెప్త," అని గడీ వైపు విసవిసా నడిచాడు. పెద్దులు నవ్వుకున్నాడు గాని ఛాతీలో ఎక్కడో పట్టేసింది. పొద్దుటినుంచీ అలాగే ఉంది.

పద్దెనిమిదోది అయ్యాక బిక్షమ్మ అంబలి ముంత పట్టుకుని వచ్చింది. మొగుడు పోయిన మనిషి, ఇద్దరు బిడ్డల తల్లి. పంతొమ్మిదో వంతు ఆమెది, దాని పక్కనే ఆఖరుది పెద్దులుది. ఆ రెంటి నడుమ రాయి నాటాల్సిన చోట ఆయన తవ్వాడు. బొగ్గులు కనబడ్డాయి. రాయి మాత్రం ఎత్తలేదు.

"బిడ్డా, ఈ రాయి ఉండాల్సింది ఈడ గాదు."

"బొగ్గు ఈడనే ఉన్నది గద మామా!"

"బొగ్గు తప్పు జాగల పోసిన."

చెలక పంచిన రోజు పద్దెనిమిది వంతులు కొలిచేసరికి వాన దంచికొట్టింది. జనుము తాడు తడిస్తే పొట్టిదవుతుంది. ఆరేదాకా ఆగాలని తాడు పట్టిన ప్రతివాడికీ తెలుసు. కానీ జనం డప్పులు కొడుతున్నారు, నేల చేతికొస్తోంది, ఎవడాగుతాడు? తడి తాడుతోనే కొలిచాడు. బిక్షమ్మకు మూడు అంగలు తగ్గాయి. ఆ మూడూ ఆఖరున మిగిలి తన వంతులో కలిశాయి. దున్నేటప్పుడు గానీ అది కంటపడలేదు.

"పెద్దులు తన దిక్కే గుంజుకున్నడంటరని నోరు మూసుకున్న బిడ్డా. నలుబై ఏండ్ల పేరు పోతదని సిగ్గయింది."

బిక్షమ్మ అంబలి ముంత కింద పెట్టింది. కోపం వచ్చింది, దాని వెంటే నవ్వూ వచ్చింది.

"గందుకేనా నా ఎడ్లు మళ్లకపాయె! ఎడ్లను తిట్టిన, వాటి అమ్మను తిట్టిన. తిట్టాల్సింది నిన్ను! పోనీ, గిర్దావరు పోయినంక సూసుకుందాం తియ్ మామా, నీకు ఆయాసమొస్తాంది."

"కాగితమెక్కితే తప్పు గట్టిపడతది. ఇయ్యాల్నే."

బొగ్గులన్నీ ఏరి దోసిట్లో పట్టుకున్నాడు. తన వంతులోకి మూడు అంగలు వేశాడు. మూడు సాళ్ల ఆముదం, గెలలతో సహా, బిక్షమ్మ వైపు పోయింది. కొత్త గుంత తవ్వి, బొగ్గులు పోసి, ఇద్దరూ కలిసి రాయి నిలబెట్టారు. అంబలి తాగమంటే, జర ఊపిరి తీసుకోనీ అన్నాడు. రాయికి వీపు ఆనించి కూర్చుని కాళ్లు చాపుకున్నాడు. గిర్దావరు వస్తున్నాడేమో చూడటానికి బిక్షమ్మ బాట దాకా వెళ్లింది. పెద్దులుకు ప్రాణం హాయిగా ఉంది. ఇక ఎవడు కొలుచుకున్నా కొలుచుకోనీ అనుకున్నాడు. ఆముదపాకుల మీద ఎండ మెరుస్తుంటే కళ్లు మూసుకున్నాడు.

బిక్షమ్మ తిరిగొచ్చి పిలిస్తే పలకలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పటికే రఘుపతి ఇద్దరు జీతగాళ్లతో వచ్చేశాడు. ముందున్న నర్సింహ భుజం మీద గడ్డపార ఉంది.

"లెవ్వురా!" అన్నాడు రఘుపతి.

"లెవ్వడు. పానం పోయింది," అంది బిక్షమ్మ.

రఘుపతి రెండడుగులు వెనక్కి వేశాడు. "అయితే పక్కకు గుంజు."

"గుంజ. మా వాడోళ్లు వచ్చేదాక పీనుగ కదలదు. అంత అక్కరుంటే నువ్వే ముట్టుకో గుమస్తా! పుట్టినకాడికెళ్లి మమ్ముల ముట్టుకోకపోతివి, ఇయ్యాల్ల ముట్టుకో!"

"నర్సింహా, తక్కిన రాళ్లు పీకుండ్రిరా!"

నర్సింహ గడ్డపార కింద పడేశాడు. "పీనుగ లేవకముందు మన్ను తవ్వొద్దయ్యా. నాతోని గాదు." రెండోవాడు అప్పటికే బాట పట్టాడు.

రఘుపతి అరుస్తూనే ఉన్నాడు. గిర్దావరు గుర్రం చెలక కొసకు వచ్చింది. ఆయన పంతొమ్మిది రాళ్లూ లెక్కపెట్టి, వంతు వంతుకూ పేరడిగి రాసుకున్నాడు. బిక్షమ్మ పేరూ ఎక్కింది.

"ఈ ఆఖరుది?"

"పెద్దులుది సారూ."

"ఎక్కడున్నాడు?"

"గదో, హద్దుకు ఆనుకోని కూసున్నడు," అంది బిక్షమ్మ.

గిర్దావరు అటు చూసి, టోపీ తీసి, పెద్దులు పేరు కూడా రాశాడు. ఆయన గుర్రం మలుపు తిరిగాకే బిక్షమ్మ నేల మీద కూలబడి గుండెలు బాదుకుంది.

సాయంత్రం వాడవాళ్లు డప్పులతో వచ్చి పెద్దులును ఎత్తుకుపోయారు. గడీ గడ్డపార మాత్రం రాయికి ఇవతల, బిక్షమ్మకు కలిసిన మూడు సాళ్ల నడుమ, పడ్డచోటే పడి ఉంది.