కటింగ్ ప్రెస్‌కి ఆపరేటర్

పప్పు వడ్డిస్తుంటే మా ఆయన శివశంకర్ పళ్లెం పక్కన ఒక కాగితం పెట్టి చూడమన్నాడు. గుడ్డని అచ్చుతో కోసే కటింగ్ ప్రెస్ కొంటే పద్దెనిమిది నెలల్లో పెట్టుబడి తిరిగొచ్చేస్తుందట. రాత ఆయనది, ఆలోచన నాది. రెండేళ్ల కిందట నేనీ మాటంటే, "కుట్టుకునేదానివి, నీకెందుకే మిషన్ల గోల?" అని అత్త నూకమ్మ నవ్వింది. ఆవిడతో పాటు ఈయనా నవ్వాడు.

బిర్సానగర్‌లో మా ఇంటి వెనక షెడ్డులో కార్ఖానాలకి గ్లౌజులు కుడతాం. కుట్టేది నేనూ, మరో అయిదుగురు ఆడవాళ్లూ. గుడ్డ కోసేది మాత్రం నది అవతల మాంగో పేటలో ఒక కాంట్రాక్టరు. వారానికి రెండుసార్లు వంతెన దాటి వెళ్లి, ఆటోలో మూటలు ఒళ్లో పెట్టుకుని తెచ్చేది నేను. గుడ్డకి బొచ్చున్న వైపేదో చూసుకోకుండా కోసి ఒక్కోసారి అన్నీ ఎడమ చేతి ముక్కలే మూట కట్టిస్తాడు. అడిగితే, శంకర్ భయ్యాని పంపండి భాభీ అంటాడు. మూటలు మోయడానికైతే భాభీ చాలు.

కాగితంలో అన్నీ ఉన్నాయి. మిషను ధర, కరెంటు, మాంగోకి కట్టే కూలి, ఆటో ఖర్చు. ఆపరేటర్ అన్న గడిలో మాత్రం చిన్న గీత. ఎవరు నడుపుతారని అడిగాను. ఆయన నోట్లో ముద్ద ఉంది. ఫోన్లోంచి తలెత్తకుండా మా అమ్మాయి తనుశ్రీ జవాబిచ్చింది. "మమ్మీ హై నా."

నిజమే, అమ్మ ఉంది. నీళ్లు పట్టడానికి, అత్త మోకాళ్లకి నూనె రాయడానికి, మూటలు మోయడానికి ఉంది. ఎప్పుడూ ఉండేదానికి ఖర్చేముంటుంది? కోపం వచ్చింది. పిల్ల మీద కాదు, పుట్టినప్పటి నుంచి చూసిందే అంది అది. నా మీద నాకే వచ్చింది. పద్నాలుగేళ్ల కాపురంలో ఆటో డబ్బులు తప్ప నోరు తెరిచి ఏమీ అడగలేదు నేను.

మధ్యాహ్నం కుట్టడం ఆపి లెక్క మళ్లీ వేశాను. మాంగోలో ప్రెస్ నడిపే మనిషి జీతం నాకు తెలుసు, మూటల కోసం కూర్చున్నప్పుడు అతనే చెప్పాడు. అది వేస్తే పద్దెనిమిది నెలలు కాస్తా ఇరవై ఏడయ్యాయి. అక్కడితో ఆగలేదు. కార్ఖానాల్లో క్రేన్లు నడిపే ఆడపిల్లలు చిన్న సైజు ఉందా అక్కా అని నన్నే అడుగుతారు. మాంగోలో ఉన్నది మగచేతి అచ్చు ఒక్కటే. ఇన్నేళ్లుగా కుడుతున్నాను, నేను కుట్టిన ఒక్క గ్లౌజూ నా చేతికి సరిపోదు. ప్రెస్ మనదైతే రెండో అచ్చు చేయించుకోవచ్చు. ఆ అమ్మకం కలిపితే ఇరవై ఒక్క నెలలు.

ఆయనకి చూపిస్తే కాగితం పక్కకి తోశాడు. "ఇంట్లో మనిషికి జీతమేటి ఈశ్వరీ? నలుగురూ నవ్వుతారు."

"మిషను మంచిదే, కొనండి. ఉత్తినే మాత్రం నేను దాని ముందు కూకోను," అన్నాను.

ఆ రాత్రే లెక్కంతా శుభ్రంగా తిరగరాసి, ఆపరేటర్ గడి ఒక్కటీ ఖాళీగా వదిలాను.

మర్నాడు అచ్చుల కొలతకి ప్రెస్ అమ్మే డీలరు మురళి వచ్చాడు. తెల్లకాగితం పరిచి చెయ్యి పెట్టమన్నాడు. శివశంకర్ ఎడమ చెయ్యి పెట్టాడు. పెన్సిలు బొటనవేలు చుట్టూ తిరుగుతుండగా నా కాగితం ఆయన కుడిచేతి దగ్గర పెట్టి, పెన్ను అందించాను.

"ఇప్పుడేటిది?" అన్నాడు గొంతు తగ్గించి.

"కుడిచెయ్యి ఖాళీయే కదండీ. రాసీయండి."

ట్రైనింగ్‌కి ఆపరేటర్ పేరు తనకీ కావాలని మురళి అన్నాడు. ఆయన నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. రాశాడు, నా పేరు, పక్కన జీతం. అంకె సరిగ్గా ఉందో లేదో చూసుకున్నాను. ఆయన చెయ్యి తీశాక ఇంకో కాగితం పరిచి, నా చెయ్యి పెట్టాను.

"ఇప్పుడు ఇది గీయండి," అన్నాను మురళితో.