గానుగల వీధి హారతి పళ్ళెం

నేను ఒక ఇత్తడి పళ్ళాన్ని. ఇత్తడి సామానుకు పేరున్న అజ్జరంలో ఒక కొలిమి పక్కన నన్ను సాగగొట్టారు. ఆ దెబ్బల మీద నాకు కోపం లేదు. కొట్టినకొద్దీ నాకొక రూపం వచ్చింది. నా కోపమంతా, ఆ తర్వాత నా వెలుగులో నిలబడి మొహం మెరిపించుకున్నవాడి మీద.

నన్ను కొన్నావిడ కొట్టు అరుగు మీదే కూర్చుని, నా అంచున చుక్కలు చుక్కలుగా "చి. మంగతాయారుకు అమ్మ" అని కొట్టించింది. ఆడవాళ్ళు సామాను మీద పేర్లు ఊరికే కొట్టించరు. పేరంటాలకు ఎరువిచ్చినవి మళ్ళీ ఇల్లు చేరాలని కొట్టిస్తారు.

మంగతాయారు కాపురం మెట్టప్రాంతంలో ఒక చిన్న పట్నం, గానుగల వీధి. ఆ వీధికి కుళాయి లేదు. నీళ్ళ ట్యాంకరు వస్తుంది గాని ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అందుకని ఇంటికొక ఆడమనిషి బిందెల దగ్గర కాపలా ఉండాల్సిందే.

యడవల్లి భాస్కరం మొదట వార్డు కౌన్సిలరుగా నిలబడ్డాడు. ఓటడగడానికి వచ్చినవాడికి మా వైపు ఇంటావిడ బొట్టుపెట్టి హారతి ఇస్తుంది. ఇవ్వకపోతే ఆ ఇల్లు అవతలి పార్టీదని గుర్తు పెట్టుకుంటారు. మంగతాయారు నామీద కర్పూరం వెలిగించింది. ఆయన చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని నుదురు వంచాడు.

"అక్కా, కుళాయి తెచ్చినాకే మళ్ళీ నీ గడప తొక్కుతా" అన్నాడు.

గెలిచాడు. కుళాయి రాలేదు గాని గడప మాత్రం తొక్కాడు. "మున్సిపాలిటీ చేతిలో ఏముందక్కా? అసెంబ్లీలో గట్టిగా అడిగేవాడు ఉండాల" అన్నాడు. ఈసారి ఎమ్మెల్యేగా నిలబడుతున్నాడు. మళ్ళీ కర్పూరం వెలిగింది, మళ్ళీ నుదురు వంగింది.

ఎమ్మెల్యే అయ్యాక ఆయన కారు మా వీధి మొగ దాకా వచ్చి తిరిగిపోయేది. ఆ రోజుల్లోనే మంగతాయారు నిండు బిందెతో జారిపడింది, నడుం పట్టేసింది. కాపలాకు కూతురు నళిని నిలబడాల్సి వచ్చింది. ఇంటరు చదువుతున్న పిల్ల. ట్యాంకరేమో సరిగ్గా కాలేజీ వేళకే వచ్చేది. హాజరు చాలలేదని ఆ పిల్లను పరీక్షకు కూర్చోనివ్వలేదు.

మంగతాయారు నడుం పట్టుకుని ఎమ్మెల్యే ఇంటికి వెళ్ళింది. ఆయన మనిషి జాలయ్య వరండాలోనే ఆపాడు.

"సారు ఎంపీ టిక్కెట్టు పనిమీద ఉన్నారక్కా. ఇది పెద్ద పథకం, దిల్లీ సొమ్ము రావాల. మనోడు అక్కడ కూర్చుంటే మొదటి కుళాయి మీ వీధికే."

మూడోసారి కూడా ఆవిడ నామీద కర్పూరం వెలిగించింది. ఆ రోజు ఆవిడ మీదా కోపం వచ్చింది నాకు. గూట్లో పెట్టేటప్పుడు "దీని చదువు కోసమన్నా తెస్తాడేమో" అని గొణుక్కుంది. అది విన్నాక ఆవిడ మీది కోపం కూడా ఆయన మీదికే పోయింది.

భాస్కరం ఎంపీ అయినరోజు ఊరేగింపుకని జాలయ్య గోతం పట్టుకుని ఇంటింటికీ వచ్చి పళ్ళేలు పోగేశాడు. "రేపు పొద్దున్నే తెచ్చిస్తానక్కా" అన్నాడు. తేలేదు. ఊరేగింపయ్యాక మిగతావి పార్టీ ఆఫీసు మెట్ల కింద పడ్డాయి. నేను కాస్త మెరుస్తుంటానని, నామీద కాజాలు పేర్చి ఎవరో ఆయనతో దిల్లీ పంపించారు.

దిల్లీలో కాజాలు అయిపోయాక నామీద కారు తాళాలు పడేశారు. తర్వాత సిగరెట్టు బూడిద రాల్చారు. ఆఖరికి స్నానాలగది కుళాయి కారుతుంటే వంటవాడు నన్ను తెచ్చి దాని కింద పెట్టాడు. నేను నిండేదాన్ని, పొర్లేదాన్ని. ఆ నీళ్ళు గచ్చు మీదుగా తూములోకి పోయేవి. ఆ చప్పుడు వింటూ ఆయన పక్కగదిలో ఫోన్లో మాట్లాడుకునేవాడు. నా అంచున ఉన్న పేరు మీదుగా పోయే ఆ నీళ్ళు ఎవరికి రావలసినవో నాకు తెలుసు. నాకు నోరు లేకపోయింది.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. దిల్లీ సామానుతో నేనూ ఊరు చేరాను. జాలయ్య అన్ని పళ్ళేలనూ చింతపండుతో తోమించి, అదే గోతంలో వేసుకుని గానుగల వీధికే వచ్చాడు. హారతులకు పక్క ఊరి నుంచి ఆడవాళ్ళను కూలికి తెచ్చాడు. ఎవరి వీధిలో ఎవరి సామాను పంచుతున్నాడో అతనికి తట్టనే లేదు.

బిందెల వరసలో ఉన్న మంగతాయారు లేచి వచ్చింది. కూలికి వచ్చిన మనిషి చేతిలోంచి నన్ను తీసుకుని, అంచు మీద వేలు పెట్టి చదివింది.

"జాలయ్యా, ఇది యాడిది?"

"పార్టీ సామానక్కా."

"పార్టీ సామాను మీద మా అమ్మ నా పేరెందుకు కొట్టించిందబ్బాయ్?"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆడవాళ్ళంతా గోతం చుట్టూ మూగి, ఎవరి పేరున్నది వాళ్ళు తీసుకున్నారు. మంగతాయారు నామీది కర్పూరాన్ని మట్టిలోకి దులిపేసింది.

అప్పుడే ఎంపీగారి కారు వచ్చింది. ఆయన దిగి, అలవాటుగా చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని నుదురు వంచాడు. ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. కాసేపటికి ఆయనే కళ్ళు తెరిచాడు.

"ఏంది తాయారక్కా, హారతి లేదా?"

"కుళాయి యాడయ్యా?"

"ఇంటింటికి నీళ్ళిచ్చేది ఎంపీ పని కాదక్కా. అది మున్సిపాలిటీ చూడాల."

"అయితే మళ్ళా వార్డుకే నిలబడు. ఈసారి కుళాయి సంగతి గుర్తుపెట్టుకుని నువ్వే మున్సిపాలిటీని అడగొచ్చు."

కారు వెనకాల హారను మోగింది.

"అమ్మా, ట్యాంకరొచ్చింది" అంది నళిని. ఆయన మొహంకేసి కూడా చూడలేదు ఆ పిల్ల. "కారు వెనక్కి తీయించండి. నీళ్ళబండి లోపలికి రావాల" అంది.

ఆయన చెప్పులు వెతుక్కున్నాడు. కారు వీధి మొగ దాకా వెనక్కి నడిచింది.

ఇప్పుడు నేను మంగతాయారు వంటింట్లో మంచినీళ్ళ బిందె మీద మూతగా ఉన్నాను. నన్ను హారతికి తీయడం మానేసింది. నళిని ఇన్నేళ్ళకు ఆగిపోయిన పరీక్షకు ఫీజు కట్టింది, బిందెల వరసలోనే కూర్చుని చదువుతోంది. వీధిలో హారను వినబడగానే పుస్తకం మూసేస్తుంది. అలా మూసేసిన ప్రతిసారీ, ఆనాడు ఆయన నుదుటి ముందు వెలిగిన కర్పూరం నామీద ఇంకా కాలుతూనే ఉన్నట్టుంటుంది.